తియ్యమన్నారుగా

నేను రోజూ వాడే కంప్యూటర్ నాకే అనుమతి లేదంటుంటే ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్లుగా ఈ ప్రెస్సులో పుస్తకాల అట్టలకు బొమ్మలు వేస్తున్నది నేను. ప్రెస్సు మా బావగారిది, చాకిరీ నాది. ఆ రోజు రెండు గంటలకు వేరే ప్రచురణకర్త దగ్గరికి ఉద్యోగం కోసం వెళ్లాలి. నేను వేసిన అట్టలు చూపించమన్నాడాయన. పాత ఫైళ్లన్నీ నిరుడు కంప్యూటర్ చెడిపోయినప్పుడే పోయాయని బావగారు చెప్పారు. మిగిలిన నాలుగైదైనా ఎక్కించుకుని పట్టుకెళ్దామని బీరువాలో పడి ఉన్న పాత డ్రైవ్ తగిలించాను.

పైకి ఖాళీగా ఉన్న డ్రైవ్ నిండిపోయిందంది. దాచిన ఫోల్డర్లు కనిపించేలా మారిస్తే, ‘సిస్టమ్’ అని ఒకటి డ్రైవంతా మింగి కూర్చుంది. తెరవబోతే ఒప్పుకోదు, వేరేచోటికి మార్చబోతే ఒప్పుకోదు. యజమాని అనుమతి కావాలట! లోపల ఏముందో చూడకుండా ఏదీ చెరిపే అలవాటు నాకు లేదు. బావగారికి ఫోన్ చేశాను.

“బావగారూ, పాత డ్రైవ్‌లో సిస్టమ్ ఫోల్డరొకటి మొండికేస్తోంది. తియ్యనా?”

“తియ్యమ్మా, తియ్యి. ఎప్పుడో తియ్యాల్సింది” అని పాస్‌వర్డ్ కూడా చెప్పారు.

తీశాను.

లోపల నూట నలభై అట్టలు. అన్నీ నావే. పోయాయని నేను అన్నం మానేసి ఏడ్చిన ఫైళ్లు. ప్రతిదాని మూలన చీమంత అక్షరాల్లో చిత్రకారుడిగా బావగారి పేరు. అట్టల మీద ఎవరి పేర్లూ వెయ్యకూడదని నాకు నీతులు చెప్పి, ఇవి పోటీలకు పంపుకున్నాడు పెద్దమనిషి! అందుకున్న ప్రశంసాపత్రాల ఫొటోలు కూడా అందులోనే ఉన్నాయి.

అరగంటలో బావగారు వచ్చారు. తెర చూడగానే మొహం మాడిపోయింది.

“తియ్యమంటే చెరిపెయ్యమని! తెరిచి చూడమన్నానా?”

“తియ్యమన్నారు, తీశాను. ఇవి ఎవరు వేశారు బావగారూ?”

“మీ అక్కకు అన్నీ తెలుసులే” అన్నారు, అదేదో జవాబైనట్టు.

అక్కకు ఫోన్ చేశాను. నాకేం తెలియదే అంటుందని ఆశపడ్డాను.

“ఇప్పుడా గొడవెందుకే? అందరం ఒకింటివాళ్లమే కదా. ఎవరి పేరుంటే ఏంటి?” అంది.

“ఏం లేదు కదా? అయితే నా పేరే ఉండనీ అక్కా.”

ఫోన్ పెట్టెయ్యకుండానే మొదటి అట్ట తెరిచి, ఆయన పేరు చెరిపి నా పేరు రాశాను.