వెనక్కి నడిచిన నెమలి

నేను ఒక గళ్ల కాగితాన్ని. ధర్మవరంలో నన్ను అందరూ గ్రాఫు అనేవారు. మిల్లులో పుట్టినప్పుడు ఒళ్లంతా గళ్లే, ఒక్క బొమ్మా లేదు. కాగితాల కొట్టులో మూడేళ్లు దుమ్ము తిన్నాక నరసింహులు చేతిలో పడ్డాను.

నరసింహులు పట్టుచీరలకు గ్రాఫు రాసేవాడు. ఆయన ఒక గడి నింపితే మగ్గం మీది అట్టలో ఒక తూటు పడుతుంది, ఆ తూటును బట్టి దారం లేస్తుంది. నలభై ఏళ్లుగా ఆయన రాసిన నెమళ్లూ హంసలూ ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లాయో లెక్కలేదు. చీర పెట్టె మీద షావుకారు పేరుండేది. రాసినవాడి పేరు ఇంట్లోవాళ్లకే తెలుసు. మనుషులకు బొమ్మ కావాలి గాని, బొమ్మ వేసినవాడితో పనేముంది?

1987లో ఆయన మేనకోడలు కమలాక్షి హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరింది. ఆటంటే ఇప్పటిలా సినిమా కాదు. ఒక బొమ్మకు అడ్డం పదహారు గళ్లు, నిలువు పదహారు. అంతకుమించి మిషను బుర్రకు పట్టదు. ఆమె వేసిన నెమలి అచ్చం కోడిలా ఉండేది. చివరికి మామకు జాబు రాసింది. ఆయన నవ్వుకుని, ఆ కాసిన్ని గళ్లలోనే నెమలిని నా మీద కూర్చోబెట్టాడు. బదులుగా ఏమీ వద్దన్నాడు, తెరమీద తన పేరు ఒక్కసారి కనబడితే చాలన్నాడు. ఆమె సరేనని మాటిచ్చింది.

యజమాని రంగప్రసాదు ఆట చూడటానికి వచ్చే రోజు పొద్దున్నే నేను బస్సులో చేరాను. కమలాక్షి ఊపిరి సలపకుండా నా గళ్లను అంకెలుగా మార్చి మిషనుకు ఎక్కించింది. యజమాని ఎదుటే నెమలి ఠీవిగా కదిలింది, తోక ముందు, తల వెనక. తప్పు నరసింహులుది కాదు, అలవాటుది. మగ్గం మీద చీర మంచివైపు కిందకు ఉంటుంది కాబట్టి గ్రాఫు ఎప్పుడూ కుడి ఎడమలు తిప్పి రాయాలి. చేయి తిరిగినవాడు కదా, ఆటలోనూ తిప్పేశాడు.

రంగప్రసాదు పగలబడి నవ్వి, నెమలిని సరిచేయించి, ఆట బాగుందన్నాడు. మామ పేరు సంగతి కమలాక్షి ఎత్తగానే నవ్వు ఆగింది. కంపెనీ పేరు తప్ప ఇంకెవరి పేరూ తెరమీదికి రాకూడదన్నాడు. తన పేరు లేకపోయినా కమలాక్షికి బాధ లేదు గాని, మామకిచ్చిన మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. నా మూలన మిగిలిన గళ్లలో పెన్సిలుతో ఆయన పేరు రాసుకుంది. తప్పు నెమలిని కూడా చెరపకుండా ఆటలో దాచింది. మూడో గది గోడ దగ్గర వెనక్కి నడిపిస్తే అది తోక ముందు పెట్టుకుని గోడలో దూరుతుంది. అవతలి గదిలో ఆ పేరుంటుంది. ఆడేవాళ్లందరికీ ముందుకు ఉరికే తొందరే కాబట్టి ఎవరూ పసిగట్టలేదు. యజమానీ పసిగట్టలేదు.

ఆట బజారులోకి వచ్చిన నెలకు మామ వచ్చాడు. ఆమె నన్ను బల్లమీద పరిచి, ఆట నడిపే మీట ఆయన చేతికిచ్చింది.

"వెనక్కి నడిపించు మామా."

నెమలి గోడ దాటింది. నల్లటి తెరమీద తెల్లటి గళ్లలో 'నరసింహులు' అని పడింది. ఆయన కళ్లు తుడుచుకుని, తెర అద్దం మీద వేలు పెట్టి గళ్లు లెక్కపెట్టాడు.

"'హు' కొమ్ముకు ఒక గడి తక్కువైంది పాపా."

చేసేదేముంది, ఆట అప్పటికే జనంలోకి వెళ్లిపోయింది. ఆయన పెన్సిలు అందుకుని ఆ ఒక్క గడినీ నా మీద నింపాడు.

ఇప్పుడు నేను కమలాక్షి బీరువాలో, చీరల మడతల మధ్య ఉంటున్నాను. ఆ పేరు ఎన్ని తెరలమీద వెలిగిందో నాకు తెలియదు. తప్పులేకుండా ఉన్నది మాత్రం నా దగ్గరే.