కుట్టు పక్కన నాలుగు వేళ్లు

గాలికి చిరిగిందని చెప్పి తెచ్చిన తెరచాపని షెడ్డులో పరిచి చూసేసరికి, దాన్నెవరో కత్తితో కోశారని కుట్టక్కకి తెలిసిపోయింది.

చిరిగిన గుడ్డకి పీచులు లేస్తాయి. ఇక్కడ అంచు నున్నగా ఉంది. కోత రెండు నిలువుల పొడవుంది.

సముద్రాలు దాటే పందెంలో పడవలు ఈ రేవులో ఆగుతాయి. దెబ్బతిన్న చాపలన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి కాబట్టి రేవంతా ఆవిడని కుట్టక్క అంటుంది. ఈ చాప వచ్చిన పడవ మాత్రం ఇంటి పడవ కింద లెక్క. కెప్టెన్ ఆవిడ మొగుడు. నావికుల్లో ఒకడు సొంత తమ్ముడు. రేపు పొద్దున్నే మళ్ళీ ప్రయాణం. ముందున్నది అన్నిటికన్నా పెద్ద సముద్రం. చాప కోసినవాడు కూడా వాళ్ళతోనే ఎక్కుతాడు.

"అయిందా?" కెప్టెన్ గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. చాప మీద చెప్పుకాలు పెడితే మొగుడికైనా చీవాట్లు తప్పవు.

"ఇది కోత."

"గాలే. ఆ గాలి నువ్వు చూడలేదు."

"గాలి కత్తి పట్టుకొచ్చిందా? మీలో ఎవడో ద్రోహి ఉన్నాడు. వాడెవడో తేలేదాకా ఈ చాప గుమ్మం దాటదు."

"నీవన్నీ అనుమానాలే," అంటూ ఆయన గోడకేసి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో అబద్ధమాడినప్పుడల్లా ఆయన గోడకేసే చూస్తాడు. "తమ్ముణ్ణి పంపిస్తాను, వాడు మడతపెడతాడు," అని జారుకున్నాడు.

కుట్టక్క మోకాళ్ల మీద పాకుతూ కోత వెంటే వెళ్లింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లటి చాప. అరచేతులకి ఉప్పు గరగరలాడింది. సగం దూరం పోయాక ఆగిపోయింది.

పాడుచెయ్యాలనుకున్నవాడు అడ్డంగా కోస్తాడు. ఈ కోత కుట్టు పక్కనే, దారం పట్టినట్టు తిన్నగా నడిచింది. మీద ఒక్క పట్టీ వేస్తే చాప మళ్ళీ కొత్తదే. కొయ్యక తప్పకపోతే కుట్టుకి నాలుగు వేళ్లు వదిలి కొయ్యమని ఆవిడ ఒక్కడికే నేర్పింది. వాడు సుద్దగీత మూడుసార్లు గీసుకోనిదే జానెడు గుడ్డ కూడా కోసేవాడు కాదు.

"అక్కా, బావ చాప మడతపెట్టమన్నాడే."

తమ్ముడు లోపలికొచ్చాడు. ఆవిడ కుట్టుకీ కోతకీ మధ్య నాలుగు వేళ్లు ఆనించింది. సరిగ్గా సరిపోయాయి.

"ఇది నీకెవరు నేర్పార్రా?"

తమ్ముడు చాప అంచున చతికిలబడ్డాడు.

"నేనే కోశానక్కా. తాడు తెగి చాప సముద్రంలో పడింది. బావ దాంతోపాటే పోయాడు. పైన చాప, కింద ఆయన. నీళ్లు నిండిన చాపని ఎంతమంది లాగినా కదలదని నీకు తెలుసుగా. అప్పుడు లేచిందే ఒక అల... ఎలా చెప్పను? ఆకాశం కనపడలేదు. అంతా పచ్చగా, గాజుకొండలా. అందులో ఎండ పడి లోపలంతా వెలుతురు. ఆ వెలుతుర్లో మన చాప తెల్లగా పరుచుకుని ఉంది, దాని కింద నుంచి బావ పిడికిలి గుద్దుతోంది. అంత పెద్దదాన్ని చూశాక భయానికి చోటెక్కడుంటుందే? నడుముకి తాడు కట్టుకుని దూకేశాను. చాప మీద బోర్లా పడితే వేళ్లకి నీ కుట్టు తగిలింది. సుద్దా లేదు, గీతా లేదు. నాలుగు వేళ్లు ఆనించి కోసుకుంటూ పోయాను. బావ తల బయటికొచ్చింది. ఊపిరి పీల్చుకుని మొదట ఏమన్నాడో తెలుసా? 'చాప కోశావట్రా! మీ అక్కకేం చెప్తాం?' అన్నాడు. తెలిస్తే మా ఇద్దర్నీ పడవెక్కనివ్వవని నాతో ఒట్టు వేయించుకున్నాడు. కోసింది నేనేనక్కా, ఇంకెవ్వరూ కాదు... ఏయ్, ముందు కళ్లు తుడుచుకుని తర్వాత సూది పట్టుకోవే, గుచ్చుకుంటుంది. ఆ రెండో సూది ఇలా ఇవ్వు, అటు చివర్నుంచి నేను కుడతాను."