నల్లగుడ్డ ఆకాశం

"నిన్న ఉతికిన దుప్పట్లు మళ్ళీ ఎందుకు తీశావు?" అన్నారు ఆయన, గుమ్మంలో బూట్లు విప్పుతూ. చెబితే నవ్వుతారని నా ఆలోచన వారం రోజులుగా ఎవరికీ చెప్పలేదు. కుట్టుమిషన్ల హాల్లో భోజనాల వేళ పక్క మిషన్ ఆవిడ ఫోన్లో చూపించింది. ఇంట్లోనే గుడారం కట్టుకుని, లోపల పడుకుని, ఇంటిల్లిపాదీ చుక్కలు చూసే ఆట. మా వీధి దీపాల వెలుగులో, పైగా ఈ ముసురులో, మేడెక్కినా ఒక్క చుక్క కనబడదు. అది చూసినప్పటినుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మిగిలిపోయిన నల్లగుడ్డ ముక్క అడిగితే సూపర్‌వైజర్ ఎగాదిగా చూశాడు. "ఇక్కడ కుట్టింది చాలక ఇంటికెళ్ళీ కుడతావా అమ్మా?" "కుట్టను సార్, చిల్లులు పొడుస్తాను" అన్నాను. ఇంకేం అడగకుండా ఇచ్చేశాడు.

పాలు పొంగేలోపు కొన్ని, ఆయన చొక్కాకి ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు కొన్ని, అలా పొడిచాను ఆ చిల్లులన్నీ. పెద్ద చుక్కకి దబ్బనం, చిన్న చుక్కకి సూది. ఒక పడవ, ఒక కత్తెర, తోకెత్తిన పిల్లి. ఒక మూలన ఇంకొకటి, అది నా కోసం. ఈ ఇంట్లో నా చేత్తో చేసినవన్నీ ఎవరో తినేశారు, తొడిగేసుకున్నారు, తొక్కుకుంటూ వెళ్ళిపోయారు. తుడిచిన నేల గంటలో తుడవనట్టే ఉంటుంది. తోమిన గిన్నె మళ్ళీ సింకులోకే వస్తుంది. ఇది మాత్రం అలా అయిపోదు. చిల్లు పొడిస్తే పొడిచినట్టే. దీని కింద ఒక్కసారి వెల్లకిలా పడుకుని చూడాలి. అంతే నా కోరిక.

కిటికీ చువ్వకీ బీరువా పిడికీ తాడు కట్టి, నల్లగుడ్డ పైకప్పుగా వేసి, చుట్టూ దుప్పట్లు దించాను. మా అమ్మాయి పిడుగు కుర్చీలు లాగుతూ ఇల్లంతా ఎగిరింది. "నేలమీద వాలానంటే మళ్ళీ లేవలేనే" అంటూనే అత్తయ్య అందరికంటే ముందు దిండుతో దూరింది. "పిల్లచేష్టలు!" అంటూ ఆయన నడిమధ్య చోటు చూసుకున్నారు. లైటు ఆర్పేశాను. ఇక ఆట ఏమిటంటే, ఒకరు బయట స్టూలెక్కి, పైనుంచి ఒక్కో బొమ్మ మీద టార్చి వేయాలి. లోపలివాళ్ళు అదేమిటో చెప్పాలి. ముందు ఎవరు ఎక్కాలని ఎవరూ అడగలేదు. అప్పటికే నేను ఎక్కేసి ఉన్నాను.

"పడవ!" "కత్తెర! అమ్మ కత్తెర!" "అబ్బ, పిల్లికి మీసాలు కూడా పెట్టిందే!" లోపల ఒకటే కేరింతలు. నా ఒళ్ళు పులకరించిపోతోంది. కానీ పైనుంచి నాకు కనబడేది ఒట్టి నల్లగుడ్డ, దానిమీద టార్చి వెలుగు. ఉండబట్టలేక అడిగాను. "ఏవండీ, కాసేపు మీరు పట్టుకోండి, నేనూ చూస్తాను."

"ఇప్పుడే కదా నడుం వాల్చింది! అయినా నువ్వు చేసిందేగా, నీకు తెలియందేముంది?"

వండినదానివి, రుచి నీకు తెలియదా అంటూ గిన్నె ఖాళీ చేసేటప్పుడూ ఇదే మాట, ఇదే గొంతు. మామూలుగా అయితే చివుక్కుమనేది. కానీ మూలనున్న బొమ్మ ఇంకా మిగిలే ఉంది. దానిమీద వెలుగు వేశాను.

"మొసలి" అన్నారు ఆయన. "దుంగ" అంది అత్తయ్య. "విరిగిపోయిన నిచ్చెన!" అంది పిడుగు.

"మనిషి" అన్నాను పైనుంచి. "కాళ్ళు బారజాపుకుని, చేతులు తలకింద పెట్టుకుని పడుకున్న ఆడమనిషి."

అత్తయ్య కాసేపు చూసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "అంత తీరిగ్గా పడుకుంది, ఎవరే అదీ?"

"మనింటి మనిషైతే కాదులే అమ్మా" అని ఆయన కిసుక్కున నవ్వారు.

నాకూ నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే చేతిలో టార్చి వణికి, లోపల చుక్కలన్నీ ఊగి, పిడుగు "భూకంపం!" అని అరిచింది. స్టూలు దిగాను. దుప్పటి ఎత్తి, టార్చి ఆయన చేతిలో పెట్టాను.

"లేవండి."

"నేనా?"

"పిడుగుకి అందదు. అత్తయ్య స్టూలెక్కలేరు. ఇంకెవరున్నారు?"

ఆయన తల్లి వంక చూశారు. "నన్ను చూస్తావేంరా? వెళ్ళు, కాస్త మాకు గాలైనా ఆడుతుంది" అంది అత్తయ్య.

గొణుక్కుంటూ వెళ్ళారు. ఆయన లేచిన చోటు ఇంకా వెచ్చగానే ఉంది. అక్కడే వెల్లకిలా పడుకున్నాను. పిడుగు వచ్చి నా జబ్బ మీద తల పెట్టుకుంది. బయట స్టూలు కిర్రుమంది.

"ఎక్కడ వేయాలి? ఆట ఎంతవరకు వచ్చింది?"

"మొదటినుంచీ వేయండి" అన్నాను. "నేనింకా ఒక్కటీ చూడలేదు."