తొలి పాఠకురాలి తడబాటు

ఒక్క పూట ప్రయాణానికి నేను సర్దిన సంచిలో రెండు చీరలు, ఒక దుప్పటి, వారానికి సరిపడా బీపీ మాత్రలు, అరకిలో ఉప్మా రవ్వ, ఆధార్ కార్డు, దాని జిరాక్సులు నాలుగు ఉన్నాయి. రేపల్లె నుంచి తెనాలికి పాసింజరు గంటలో వెళ్తుంది. చందన ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. రవ్వ దగ్గర ఆగి, తెనాలిలో టిఫిన్లు దొరకవా పెద్దమ్మా అని అడిగింది. రైలు దారిలో ఆగిపోతే ఎలా అన్నాను. ఆగిపోతే పొయ్యి ఎక్కడ వెలిగిస్తావంది. అంతవరకు నేను ఆలోచించలేదు. నా భయాలన్నీ అంతే, సగం దూరం వెళ్ళి కూర్చుంటాయి.

చందన నా చెల్లెలు సరోజిని కూతురు. బాపట్లలో టీచరు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల కోసం నవలలు రాస్తుంది. నాలుగో నవలకు తెనాలిలో ఒక సాహిత్య సంస్థ బహుమతి ప్రకటించింది. దానికి నన్నూ తీసుకెళ్ళాలని ముందురోజే రేపల్లె వచ్చింది. సభలో నాకు కూడా శాలువా కప్పుతారట. ఎందుకంటే తన ప్రతి పుస్తకం మొదటి పేజీలో ‘తొలి పాఠకురాలు కోటేశ్వరమ్మ పెద్దమ్మకు’ అని వేస్తుంది. అది చూసినవాళ్ళు నేనేదో పెద్ద చదువరిననుకుంటారు.

అసలు సంగతి వేరు. నేను బడి మొహం చూడలేదు. నలభై దాటాక, పప్పులు కట్టిచ్చిన కాగితాలూ బస్సు బోర్డులూ చూసుకుంటూ నాకు నేనే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకే నేను మొదట్లో చదివిన కథలకు చివర ఉండేది కాదు. పొట్లం ఎక్కడ చిరిగితే అక్కడికి కథ అయిపోయేది. ఇప్పటికీ అక్షరం కింద వేలు పెట్టుకుని పైకే చదువుతాను. వాక్యం మెలిక పడితే వేలు ఆగిపోతుంది.

చందన మొదటి నవల అడవులదీవి నుంచి హైస్కూలుకు సైకిళ్ళ మీద వెళ్ళే ఆడపిల్లల కథ. అచ్చువేసేవాళ్ళు ఇద్దరు తిప్పి పంపారు. పిల్లల పుస్తకమంటే కుందేలు ఉండాలి, పెద్దల పుస్తకమంటే పెళ్ళి ఉండాలి, ఇందులో రెండూ లేవే అన్నారట. అది పట్టుకుని నా దగ్గరకు వచ్చి, నువ్వు చదువు పెద్దమ్మా, నేను వింటాను అంది. చదువుతుంటే నా మొహం వైపు చూడలేదు, వేలి వైపే చూసింది. వేలు ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీసింది. బాపట్ల వెళ్ళి గీతలన్నీ తిరగరాసింది. మూడోవాళ్ళు అచ్చువేశారు. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివారు. అప్పటినుంచి అదే పద్ధతి. రెండోది వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే తల్లీ, ఆమెతోపాటు పరీక్ష రాసే కూతురూ. మూడోది చెరువులో ఈత నేర్చుకునే లావుపాటి పిల్ల కథ. నా వేలు ఆగిన చోట ఎనిమిదో తరగతి పిల్ల కూడా పుస్తకం మూసేస్తుందని తన లెక్క. అంటే తను వాడుకుంటున్నది నా తెలివిని కాదు, అది లేకపోవడాన్ని. ఈ సంగతి నాకు మూడో పుస్తకానికి గానీ అర్థం కాలేదు. అప్పటికే వీధివీధంతా గొప్పలు చెప్పేసి ఉన్నాను.

నాలుగో నవలలో ఒక తల్లి చీరాలలో చీరలు కొనుక్కొస్తానని బయల్దేరుతుంది. పన్నెండేళ్ళ కూతురు రోజూ స్టేషన్‌కి వెళ్ళి చూస్తుంది. అది ఊహించి రాసింది కాదు. చందనకు పన్నెండేళ్ళప్పుడు సరోజిని అలాగే వెళ్ళింది. రెండేళ్ళకు నాసిక్ నుంచి బాగున్నానని ఒక కార్డు వచ్చింది, తర్వాత అదీ లేదు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లను నేనే పెంచాను. సాయంత్రమయ్యేసరికి అమ్మ ఎప్పుడొస్తుందని అడిగేది. వస్తుంది అనేదాన్ని. తను అడగడం మానేశాక కూడా చాలాకాలం అంటూనే ఉన్నాను.

నవల చివరి అధ్యాయంలో ఆ పిల్ల స్టేషన్‌కి వెళ్ళడం మానేస్తుంది. ‘అమ్మ రాలేదు. ఇక రాదు’ అన్నవి చివరి మాటలు. అందులో మెలిక పడ్డ వాక్యం ఒక్కటి లేదు. అయినా నేను తొమ్మిది చోట్ల ఆగాను. కావాలనే ఆగాను. దగ్గాను, కళ్ళు నులుముకున్నాను, చదివిన లైనే మళ్ళీ చదివాను. చందన పాపం పెన్సిల్ పక్కన పెట్టి, నన్ను తీసుకెళ్ళి కొత్త కళ్ళజోడు చేయించింది. అది పెట్టుకుంటే నేల మోకాళ్ళ దాకా లేచివచ్చినట్టుండేది. అదే పెట్టుకుని ఈసారి పదకొండు చోట్ల ఆగాను. తప్పు కళ్ళది కాదు, అధ్యాయానిదే అని తను నిర్ణయించుకుంది. తిరగరాసింది. కొత్త అధ్యాయంలో తల్లి రైలు దిగి వస్తుంది. దాన్ని గడగడా చదివేశాను.

సభలో అధ్యక్షులు రఘురామ్ గారు, రిటైరైన తెలుగు లెక్చరరు, ఆ ముగింపునే మెచ్చుకున్నారు. బహుమతి ఇచ్చింది దానికోసమేనన్నారు. తర్వాత నాకు శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమ్మా అని మైకు ఇచ్చారు. నాకు రోడ్డు దాటాలన్నా భయమే. శాలువా భుజాల మీద పడగానే ఆ భయం ఎటు పోయిందో తెలియదు. మీరంతా మెచ్చుకున్న ముగింపు నా చలవేనండి అని మొదలుపెట్టాను. తొమ్మిది చోట్ల ఎలా ఆగానో చెప్పాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వు తలకెక్కి, కొత్త కళ్ళజోడుతో ఎలా తడుముకున్నానో నటించి కూడా చూపించాను. రఘురామ్ గారు నవ్వు ఆపుకోలేక కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. చందన ఎంత నవ్వుతోందో చూద్దామని తిరిగాను. తను ఒళ్ళోని జ్ఞాపికను చూసుకుంటోంది.

ముందు వరసలో స్కూలు పిల్లలున్నారు. పదో తరగతి పిల్ల ఒకతి లేచి, తన పేరు సాయిసుధ అని చెప్పి అడిగింది.

“ముందు రాసిన ముగింపు ఏంటండి?”

నేను ‘అమ్మ’ అని ఆగిపోయాను. ఈసారి నటన కాదు. చందనే చెప్పింది.

“అమ్మ రాలేదమ్మా.”

“మా అమ్మ కూడా రాలేదండి. మీ పుస్తకం చదివాక నెల్లాళ్ళు బస్టాండుకి వెళ్ళి చూశాను,” అని ఆ పిల్ల కూర్చుంది. రఘురామ్ గారు వెంటనే వందన సమర్పణ మొదలుపెట్టమన్నారు.

భోజనాల్లో నేను పులిహోర రెండోసారి వేయించుకున్నాను. భయమేస్తే నాకు ఆకలి. చందన మంచినీళ్ళు తాగి లేచింది.

అనుకున్న ప్రకారం తను నాతో రేపల్లె వచ్చి, సోమవారం పొద్దున బస్సుకు బాపట్ల వెళ్ళాలి. తెనాలి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

“అన్నిచోట్లా కావాలనే ఆగావా?”

“నీ మంచికేనమ్మా. ఆ పిల్ల ఏడుస్తుందని.”

“ఏ పిల్ల, పెద్దమ్మా?”

సంచి ఒళ్ళో పెట్టుకుని పట్టాల వైపు చూశాను.

“పాతికేళ్ళు వస్తుందని చెప్పావు, ఊరుకున్నాను. కాగితం మీదైనా రాలేదని రాసుకుంటే, అదీ చెరిపించావు. ఎవరు అబద్ధం చెప్పినా నీ వేలు చెప్పదనుకున్నాను.”

“పోనీ, మళ్ళీ మార్చి రాయి. ఈసారి ఆగకుండా చదువుతాను.”

“ఇంక నీచేత చదివించను.”

కోపంగా అనలేదు. టీ వద్దన్నంత మామూలుగా అంది. దానికే నాకు ఎక్కువ భయమేసింది. నన్ను రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి, మా పక్కింటి మనీషాకు ఫోన్ చేసి స్టేషన్‌కి రమ్మని చెప్పింది. బాపట్ల వైపు రైలు వేరే ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నారు. బండి కదులుతుంటే, వచ్చే ఆదివారం రా, గోంగూర పచ్చడి చేసి ఉంచుతాను అని అరిచాను. క్షమించమనడానికి నాకు తోచిన మాట అదొక్కటే. తను తలూపింది. ఆ తలూపుడు పచ్చడికో, రావడానికో తెలియక ఆదివారం పచ్చడి చేశాను. పెద్ద జాడీ నిండా చేశాను. అది మనీషా వాళ్ళు తిన్నారు.

వారానికోసారి ఫోన్ చేస్తుంది. మాత్రలు వేసుకున్నావా, కాళ్ళ వాపు తగ్గిందా అని అడుగుతుంది. కొత్త నవల ఎంతవరకు వచ్చిందని నేను అడగను, అడిగితే చెబుతుందేమోనని కూడా భయమే. మొన్న నాలుగో నవల రెండో ముద్రణ కొరియర్‌లో వచ్చింది. మొదటి పేజీలో నా పేరు తీసేసి ‘సాయిసుధకు’ అని వేసింది. చివరి అధ్యాయం పాతదే పెట్టింది. దాన్ని వేలు ఎక్కడా ఆగకుండా చదివాను, రెండుసార్లు. వినేవాళ్ళు లేనప్పుడు నేను బాగానే చదువుతాను.

వీధిలో వాళ్ళకు మాత్రం స్కూలు పనుల వల్ల రాలేకపోతోందని చెబుతున్నాను. వచ్చే నెల వస్తుందని కూడా అంటున్నాను. అలా అనడం నాకు అలవాటే. అది నిజం కాదు. చందన 2024 నవంబరు 17, ఆదివారం మధ్యాహ్నం తెనాలిలో బాపట్ల వైపు రైలెక్కింది. ఆ తర్వాత రేపల్లె రాలేదు.