పాలు మానమన్నారు

తెల్లటి గుడ్డ మీద ఎర్రటి దారం.

దారం కాదు — నెత్తురు. రెండు నెలల పాప విరేచనంలో నెత్తురు!

తల్లి రేఖ పాపను ఎత్తుకుని బస్సెక్కింది.

మదనపల్లెలో పిల్లల డాక్టరమ్మ చూసింది. బుగ్గల మీది దద్దుర్లూ చూసింది.

"పాపకు పాలు పడటం లేదు. నువ్వు పాలు మానెయ్యమ్మా..." తర్వాతి మాటలు గదిలో పిల్లల ఏడుపుల్లో కలిసిపోయాయి.

పాప తాగేది తన పాలే. ఇంకే పాలు మానాలి?

ఇంటికి, పుంగనూరు దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చింది.

"నేను సెప్తానే ఉండా," అంది అత్త బయ్యమ్మ. "కుప్పం కోడలికి మంచి పాలు యాడ వస్తాయి? మన పొట్టి ఆవు పాలు పోద్దాం. సామి అభిషేకానికి పోసే పాలమ్మా అవి!"

చెడ్డ మనిషి కాదు బయ్యమ్మ. పాలు తనే పితికింది. కాచింది. చల్లార్చింది. ఉగ్గుగిన్నె పాప నోటికి ఆనించింది.

రేఖ రొమ్ములు సలుపుతున్నాయి. జాకెట్ తడిసిపోయింది. ఇవ్వకూడదు... ఇవ్వకూడదు.

గిన్నె ఖాళీ అయింది.

పాప పెదాలు ఉబ్బాయి. ఒళ్లంతా దద్దుర్లు. భళ్లున కక్కింది. గొంతులో పిల్లికూతలు — ఆ తర్వాత ఏడుపే లేదు.

"ఓయప్పా! బిడ్డ నీలమైపోతాండాది!" బయ్యమ్మ అరిచింది.

రేఖ మొగుడు మహేష్ బండి తీశాడు. వీధి చివరి ఆసుపత్రి. తొడకు సూది.

ఏడువు తల్లీ... ఏడువు.

ఏడ్చింది! రేఖ అక్కడే కూలబడింది.

మహేష్ మదనపల్లె డాక్టరమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"ఆవుపాలు పట్టారా? ఎవరు పట్టమన్నారు!"

"నా పాలు మానమంటిరి గదమ్మా..." అంది రేఖ.



"నీ పాలు కాదమ్మా! నువ్వు తాగే పాలు. పెరుగు, మజ్జిగ, నెయ్యి... ఆవుదైనా, గేదెదైనా నువ్వు తినకూడదు. అదే నీలోంచి బిడ్డకు పోతోంది. బిడ్డకు నీ పాలే ఇవ్వాలి."

వెనకాలే పరుగున వచ్చిన బయ్యమ్మ గోడకు ఆనుకుంది.

"పెరుగు గూడానా? బాలింత గదాని పూటపూటా మీగడ పెరుగు పెట్టింది నేనే గదప్పా..."

మహేష్ ఆమెను బెంచీ మీద కూచోబెట్టాడు.

సాయంత్రానికి పాప తేరుకుంది. ఇక పాలివ్వొచ్చన్నాడు అక్కడి డాక్టరు.

పాప మూతి తిప్పి రొమ్ము వెతుక్కుంది. రేఖ ఒక గుండీ విప్పింది — చెయ్యి ఆగిపోయింది.

పొద్దున తను తిన్నది పెరుగన్నమే. అదీ ఈ పాలలో ఉంటే?

"ఇయ్యమ్మా," అంది బయ్యమ్మ. "బిడ్డ అడగతాండాది."

పాప ఏడుస్తోంది.

రేఖ చెయ్యి గుండీ మీదే ఉంది...