దేవుడి మడి మీద నింద

మందే పడని మడిలో పురుగులు మందుకు అలవాటు పడ్డాయట! ఈ మాట విన్నప్పటినుంచీ నా ఒళ్లు మండిపోతోంది.

నా పేరు కృపారాణి. రేపల్లెలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మా పెదనాన్నగారబ్బాయి ఎజ్రా పెనుమూడిలో ప్రకాశరావుగారి ఎకరన్నర కౌలుకు చేస్తాడు. అందులో పది సెంట్లు దేవుడి మడి. అక్కడ పండిన ధాన్యం కోత పండక్కి మా లూథరన్ గుడిలో కానుకగా పెడతాడు. "దేవుడికిచ్చే గింజకి విషం పూస్తానా?" అని పదేళ్లుగా ఆ మడి మీద చుక్క మందు పడనివ్వలేదు.

ఈసారి సుడిదోమ వచ్చింది. వరి మొదట్లో చేరి రసం పీల్చేసే చిన్న పురుగది. మూడుసార్లు మందు కొట్టినా పక్కనే ఉన్న ప్రకాశరావుగారి సొంత చేను సుడులు సుడులుగా మాడిపోయింది. తెనాలి నుంచి పురుగుమందుల కొట్టాయన వచ్చి, గట్టు మీద నిలబడి, ఎజ్రా మడి వైపు వేలు చూపించాడు.

"అదేనండి పుట్టిల్లు. అక్కడ పుట్టి, మందుకి అలవాటుపడి, మీ చేలోకి దిగాయి."

గట్టున ఉన్నవాళ్లందరూ తలలూపారు. వచ్చే పంటకి కౌలు లేదు పొమ్మన్నారు ప్రకాశరావుగారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే! ఎజ్రా భార్య ప్రమీల ఫోన్ చేసి ఏడ్చింది. ఆ ఎకరన్నర పోతే వాళ్లిద్దరికీ మిగిలేది కూలి పనే.

మా అమ్మాయి బిందు బాపట్లలో వ్యవసాయం చదువుతోంది. దాన్ని వెంటబెట్టుకుని పెనుమూడి వెళ్లాను. ప్రకాశరావుగారి కళ్లెదుటే ఆయన చేలో యాభై, దేవుడి మడిలో యాభై పురుగులు పట్టి, బిందు రెండు సీసాల్లో వేసింది. రెండింట్లోనూ ఆయన కొట్టిన మందులోనే, డబ్బా మీద రాసిన మోతాదుకే ముంచిన వరి పిలకలు పెట్టింది. రేపు మేమేదో మార్చామని అనకుండా సీసాలు ఆయన వరండాలోనే ఉంచాం.

రెండో రోజు సాయంత్రం అందరి ముందూ మూతలు తీశాం. దేవుడి మడి సీసాలో నలభై మూడు చచ్చి పడి ఉన్నాయి. ఆయన సీసాలో చచ్చినవి తొమ్మిదే. మిగతావి దర్జాగా పిలకలెక్కి కూర్చున్నాయి.

"ఇదేంటమ్మా, నా చేలోవాటికి ఇంత బలం ఎక్కడిది?" అన్నారు ప్రకాశరావుగారు.

"మందు తెచ్చిపెట్టిన బలం కాదండి," అన్నాను నేను. " మందుకి చావనివి వేలల్లో ఒకటో రెండో మొదట్నుంచీ ఉన్నాయి. అయిదేళ్లు అదే మందు కొట్టి, చచ్చేవాటినన్నిటినీ చంపి, తిండీ చోటూ వీటికి అప్పగించింది మీరు. ఇవి వాటి సంతానమండి. ఎజ్రా మడిలో మందు లేదు కాబట్టి అక్కడ వాటి పెత్తనం సాగలేదు. ఇలాంటి మడులు ఊళ్లో ఇంకో నాలుగుంటే, చచ్చే పురుగులు వీటితో జతకట్టి, పుట్టే పిల్లలూ మందుకి చచ్చేవే అయి, మీ మందు ఇంకొన్నాళ్లు పనిచేసేదేమో!"

నా గొంతు వీధిలోకి వినబడుతోందని బిందు చెయ్యి పట్టుకు లాగింది. వినబడనీ!

"అంతా దేవుడి దయ," అన్నాడు ఎజ్రా.

"అన్నయ్యా, నువ్వు కాసేపు ఊరుకో!" అని వాడి మీదా విరుచుకుపడ్డాను.

ప్రకాశరావుగారు గొంతు సవరించుకున్నారు. "సరేలే, ఎజ్రా. కౌలు నీకే ఉంచుతాను. కానీ వచ్చే పంటకి ఆ పది సెంట్లకీ మందు కొట్టెయ్. ఊళ్లోవాళ్ల నోళ్లు మూతపడాలి కదా."

రెండు రోజులపాటు కంటికి చూపించింది దేనికి, గోడకి చెప్పుకోడానికా? నేను నోరు తెరిచేలోపే ఎజ్రా నెమ్మదిగా అడిగాడు.

"నేనూ కొట్టేస్తే, వచ్చే ఏడు తప్పు ఎవరి మీద పెడతారండి?"

ప్రకాశరావుగారు ఎజ్రా మొహంలోకి చూడలేకపోయారు. "నీ ఇష్టం వచ్చినట్టే చేసుకో, పో," అన్నారు చివరికి. తప్పయిందన్న ముక్క మాత్రం ఆయన నోట రాలేదు.