చిల్లులు మూసిన బకెట్లు

చెల్లెలు సంచి సర్దుకుంటోంది. నేను పక్కనే కూర్చుని అది పెట్టినవన్నీ బయటికి తీసి మళ్లీ మడతలు పెడుతున్నాను. ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు మడిచి మడిచి ముసలిదాన్నయ్యాను. నా కళ్ల ముందు ఎవరైనా బట్టలు ఉండచుట్టి కుక్కితే నా చేతులు ఊరుకోవు. అది విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే బాగుండేది. ఇద్దరం నాలుగు మాటలు అనుకునేసరికి బస్సు వెళ్లిపోయేది.

“ఇన్ని స్వెట్టర్లు ఎందుకే? ఎండలు ఇంకా తగ్గనేలేదు.”

“అక్కడ చలెక్కువ.”

“నెల రోజులకేగా వెళ్తున్నావు?”

“నెలే అక్కా. మరదలు లేచి నాలుగడుగులు వేస్తే చాలు, వచ్చేస్తా.”

వచ్చేస్తా అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నా భర్త రాత్రి డ్యూటీకి పోతూ, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అదే అన్నాడు. మా అమ్మ ఆసుపత్రి మంచం ఎక్కుతూ అదే అంది. వెళ్లేవాళ్లందరికీ ఈ మాట ఎవరు నేర్పుతారో నాకు తెలియదు.

మా తమ్ముడి భార్య స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. తమ్ముడు ఫోన్ చేసి, “చిన్నక్కను పంపించు పెద్దక్కా, నాకు టీ పెట్టుకోవడం కూడా రాదు” అన్నాడు. అరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి వాడికి. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు లేదు. నన్ను మాత్రం రమ్మనలేదు. నా మోకాళ్ల సంగతి వాడికి తెలుసు. నా నోటి సంగతి అంతకంటే బాగా తెలుసు.

నా భర్త పోయిన ఏడాది చెల్లెలు నాకు తోడుగా వచ్చి నా దగ్గరే ఉండిపోయింది. బడి వంటింట్లో పనిచేసేది. ఈ ఏడాది ఆ పని మానేశాక దానికి తోచక మొక్కల పిచ్చి పట్టింది. మాది మూడో అంతస్తు. బాల్కనీ అంటే ఎంత, ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు ఊపిరి తీసుకోవడానికి లోపలికి రావాలి. అందులో ఎవరో పారేసిన రంగు బకెట్లు తెచ్చి వరసగా పేర్చింది. మేకు కాల్చి ఒక్కో బకెట్ అడుగున చిల్లులు పెట్టింది. ఆ ప్లాస్టిక్ కంపు వారం రోజులు ఇంట్లోంచి పోలేదు. టమాటా, మిరప, బీన్స్ వేసింది. అంతకుముందు దాని జన్మలో ఒక మొక్క నాటిన పాపాన పోలేదు.

వెళ్లేముందు నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లింది.

“మట్టిలో వేలు గుచ్చి చూడు. తడి తగిలితే నీళ్లు పోయకు. పొడిగా ఉంటేనే పొయ్యి. రోజూ పోసెయ్యకు అక్కా.”

“నాకు చెప్తున్నావా? నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని.”

“అందుకే చెప్తున్నా.”

అప్పటికి టమాటా మొక్కలు జానెడున్నాయి. “ఇవి కాసేసరికి వస్తావా?” అని అడిగాను.

“కాయలు ఎరుపెక్కేసరికి ఇక్కడే ఉంటా. మొదటి కాయ నేనే కొయ్యాలి, నువ్వు ముట్టుకోకు” అంది.

ఆ మాట పట్టుకున్నాను. దాన్ని వెనక్కి రప్పించడానికి నాకంటూ మిగిలిన కారణం ఆ బకెట్లే. నన్ను చూడ్డానికి రాకపోయినా కాయ కొయ్యడానికి వస్తుంది. అవి చచ్చిపోతే ఇక్కడ దానికి పని ఏముంది? ఏం చేసైనా సరే వాటిని బతికించాలి అనుకున్నాను.

చెత్త దగ్గర ఎవరో వదిలేసిన పుస్తకాల కట్టలో కుండీల్లో కూరగాయల గురించి ఒక పలచని పుస్తకం ఉంటే తెచ్చుకున్నాను. నేను బడికి పోలేదు, చదువు ఆలస్యంగా నాకు నేనే నేర్చుకున్నాను కాబట్టి ఏదైనా కూడబలుక్కుని చదువుతాను. కుండీల్లో మట్టి నేలలో కంటే త్వరగా ఎండిపోతుందని, వేర్లు పారిపోవడానికి చోటుండదని ఉంది. అది చదివి అక్కడే పుస్తకం మూసేశాను. తర్వాతి పేజీల్లో ఇంకేం ఉందో చూడలేదు. ఆ రోజు నుంచి పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. మధ్యాహ్నం ఎండ చూసి భయమేస్తే ఇంకో చెంబు.

వారం తిరక్కుండా కింది అంతస్తులో బట్టలు కుట్టే అమ్మాయి తలుపు కొట్టింది. చేతిలో హ్యాంగరు, హ్యాంగరుకు తెల్ల చొక్కా.

“పెద్దమ్మా, ఇదేంటో చెప్పండి.”

“చొక్కా.”

“చొక్కా మీద?”

“మట్టి.”

“ఎవరి మట్టి?”

“మట్టి మీద పేరు రాసి ఉంటుందా అమ్మాయ్?”

“మా పైన మీరున్నారు. మీ పైన ఆకాశం ఉంది. ఆకాశం నుంచి పేడనీళ్లు పడవు.”

“అది పేడ కాదు, ఎరువు.”

“అయితే ఎరువు చొక్కాలు బడి పిల్లలకు మీరే తొడిగిరండి. మొత్తం ఒక తరగతికి సరిపడా ఉన్నాయి. ఆరేసినవన్నీ మళ్లీ ఉతుక్కోవాలి.”

“నేను ఉతికిస్తాను, ఇలా ఇవ్వు.”

“వద్దు. మీరు నీళ్లు ముట్టుకోకుండా ఉంటే అదే పదివేలు.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు వేసుకుని కూర్చుని ఆలోచించాను. నీళ్లు పొయ్యడం మానితే మొక్కలు చస్తాయి. పోస్తే ఈ పిల్ల నన్ను చంపుతుంది. అలాంటప్పుడు కారడం ఆపాలి. గొట్టాలు కారితే పూసే ముద్ద బజారులో దొరుకుతుంది కదా, అది తెచ్చాను. నేల మీద చతికిలబడి, ఒక్కో బకెట్‌ను గోడకు వాల్చి, అడుగున చెల్లెలు కాల్చిన చిల్లులన్నిటికీ ఆ ముద్ద కూరాను. లేచేటప్పుడు మోకాళ్లు నన్ను తిట్టాయి. మర్నాడు పొద్దున నీళ్లు పోశాక కిందికి వంగి చూశాను. ఒక్క చుక్క కారలేదు. నేనే గెలిచాననుకున్నాను.

చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా నా మోకాళ్ల తర్వాత అడిగేది మొక్కల సంగతే.

“పూత పట్టిందా అక్కా?”

“పట్టింది.”

“రాలుతోందా?”

“నీ చేత్తో వేసినవి నీ అంత మొండివి. రాలుతాయా?”

“ఆకులెలా ఉన్నాయి?”

“నాకంటే బాగున్నాయి. మరదలు లేచిందా?”

“లేస్తోంది, మెల్లిగా.”

పూతా లేదు, పాడూ లేదు. ఆకులు కింది నుంచి పసుపురంగుకు తిరుగుతున్నాయి. దాహమేమోనని ఇంకాస్త పోశాను. నెల అయ్యాక తమ్ముడు ఫోన్ అందుకుని, “ఇంకో నెల ఉండనీ పెద్దక్కా” అన్నాడు. “అదేమన్నా అద్దె సైకిలా, గడువు పెంచుకోడానికి? నీ పెళ్లాన్ని నువ్వు చూసుకోలేవా?” అన్నాను. వాడు నవ్వాడు. చిన్నప్పటి నుంచీ అంతే, నేను తిడితే వాడికి నవ్వొస్తుంది. ఆ నెల కూడా అయిపోయింది. మళ్లీ ఎవరూ గడువు అడగలేదు. ఊరికే ఉండిపోయింది.

ఒక పొద్దున బాల్కనీ తలుపు తీస్తే మురుగు కాలువ పక్కన నిలబడ్డట్టు కంపు. మిరప మొక్క పట్టుకుని లాగాను. ఉడికిన కాడలా చేతిలోకి వచ్చేసింది. వేర్లు నల్లగా జిగురుగా ఉన్నాయి. బకెట్ వాల్చి అడుగున నేను పెట్టిన ముద్దను స్క్రూడ్రైవరుతో పొడిచాను. నల్లనీళ్లు భళ్లున కారి బాల్కనీ అంచు దాటిపోయాయి. కింద కుట్టుమిషను ఆగిన చప్పుడు వినపడింది.

దర్జీ అమ్మాయి మెట్లెక్కి వచ్చేసరికి నేను నేల మీదే ఉన్నాను, ఒళ్లో చచ్చిన మిరప మొక్కతో. తిట్టడానికే వచ్చింది. బకెట్లలోకి తొంగి చూసింది.

“వీటిని పెంచుతున్నారా, ముంచుతున్నారా పెద్దమ్మా?”

“చిల్లులు నీ మూలంగానే మూశాను.”

“నేను మూయమన్నానా? కింద పళ్లెం పెట్టుకోవచ్చుగా.”

“ఆ మాట అప్పుడే అనొచ్చుగా, చొక్కా ఊపే బదులు.”

“మీరు అననిస్తే కదా.”

ఇద్దరం తిట్టుకుంటూనే అన్ని బకెట్ల ముద్దలూ పీకాం. తను కిందికి వెళ్లి పాత బిస్కెట్ డబ్బాల మూతలు తెచ్చింది. నా మీద ప్రేమతో కాదు, తన బట్టల కోసం. బీన్స్ పోయాయి, మిరపలు పోయాయి. ఒక బకెట్‌లో టమాటా మొక్క ఒక్కటే మొదలు దగ్గర పచ్చగా ఉంది.

“కొత్త నారు కొనుక్కొచ్చి పెట్టండి. మీ చెల్లెలికేం తెలుస్తుంది?” అంది.

“దానికి తెలుస్తుంది. అది వచ్చేసరికి ఇదే ఉండాలి.”

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చేదాన్ని. ఎవరి కంట్లోనో పొడిచినట్టు పొడిచేదాన్ని. తడి తగిలితే చెంబు పక్కన పెట్టి, పొయ్యకుండా ఉండలేక పళ్లు నూరుకునేదాన్ని. ఆ ఒక్క మొక్కా చచ్చీచెడీ చిగురేసింది. పూసింది, కాసింది. ఆలస్యంగా, చలి మొదలయ్యాక, కాయలు ఎరుపెక్కాయి.

ఫోన్ చేశాను. “పండాయి. రా.”

“ఎన్ని కాశాయి?”

“వచ్చి చూసుకో. నేను ముట్టుకోలేదు.”

“కోసుకుని తిను అక్కా. వాడిపోతాయి.”

ఫోన్ పెట్టేశాను. దాన్ని అక్కడ కట్టేశారనుకున్నాను. ఆ సోమరిపోతు తమ్ముడు దాన్ని జీతం లేని వంటమనిషిని చేసుకున్నాడు. అది నోరులేనిది, రానని చెప్పలేక, వస్తానని చెప్పలేక నలిగిపోతోంది. తమ్ముడి ఊరి బస్సులో కూర్చున్నంతసేపూ వాడికి పెట్టాల్సిన గడ్డి మనసులో వరస పెట్టుకున్నాను. పండ్లు గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఒళ్లో పట్టుకున్నాను, మొదటి కాయ తనే కొయ్యాలన్నా చివరికి నేనే తుంచినవి.

తలుపు మరదలే తీసింది. చేతికర్ర ఆనించుకుని, నిటారుగా.

“రండి వదినా, ముందుగా ఫోన్ చేస్తే బస్టాండుకు వచ్చేవాళ్లం కదా.”

“నువ్వు నడుస్తున్నావా?”

“నడవక? రెండు నెలలైంది వదినా.”

చెల్లెలు వెనక గదిలో కిటికీ దగ్గర ఉంది. కిటికీ అరుగు పొడవునా నూనె డబ్బాలు, ఒక్కోదాని కింద ఒక్కో పళ్లెం. టమాటా మొక్కలు దాని భుజం దాకా ఉన్నాయి, కర్రలకు గుడ్డ పీలికలతో కట్టి. గుత్తులు గుత్తులుగా కాశాయి. నా చేతిలో డబ్బా నాకే తేలిగ్గా అనిపించింది.

“ఇవెవరివి?”

“నావే అక్కా.”

“ఎప్పుడు వేశావు?”

అది నా వైపు చూడలేదు. “వచ్చిన వారంలో.”

టమాటా కాయడానికి ఎన్నాళ్లు పడుతుందో అప్పటికి నాకు బాగా తెలిసింది.

“నెల రోజులకని వచ్చినదానివి, మూడు నెలలకు కాసే మొక్క ఎందుకు వేశావు?”

తమ్ముడు వెనక నుంచి, “పెద్దక్కా, ముందు కూర్చో. టీ తాగు” అన్నాడు. చేతిలో కప్పు ఉంది.

“నువ్వు మాట్లాడకు. టీ పెట్టుకోవడం రానివాడివి.”

“ఇప్పుడు వచ్చు. చిన్నక్క నేర్పింది.”

వాడి కోసం వరస పెట్టుకున్న తిట్లన్నీ దండగయ్యాయి. చెల్లెలు వాణ్ని లోపలికి పొమ్మని సైగ చేసింది.

“ఎవరూ కట్టెయ్యలేదక్కా. నేనే ఉండిపోయా.”

“నా దగ్గర నీకు తిండి పెట్టలేదా? మంచం ఇవ్వలేదా?”

“అన్నీ ఇచ్చావు. ఇక్కడ నేను బయటికి పోతే ఎవరూ గుమ్మంలో నిలబడరు.”

“నేను నిలబడితే తప్పా?”

“సబ్బు కొనడానికి పోయినా నిలబడ్డావు. బడి నుంచి పావుగంట ఆలస్యమైతే రోడ్డు మీదికి వచ్చావు. తిరిగొచ్చి నీ మొహం చూస్తే నేను చచ్చి బతికొచ్చినట్టుండేది. ప్రతిరోజూ అలా చచ్చి బతకలేను. నెమ్మదిగా చెబుదామంటే నువ్వు చెప్పనివ్వవు.”

“నేను నీ మీద బెంగతో చస్తే అది నీకు బరువైందా?”

“అయింది” అంది. మెల్లిగానే అంది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. “చూడ్డానికి వస్తానక్కా. పండగనీ పబ్బమనీ కాదు, మామూలుగా వస్తా.”

“చూడ్డానికి వచ్చేవాళ్లు నాకక్కర్లేదు. చూడ్డానికి ఇరుగుపొరుగు ఉన్నారు.”

టీ తాగలేదు. మరదలు అన్నం తిని వెళ్లమంది, వినలేదు. డబ్బా తెరిచి చూపించనైనా లేదు, పట్టుకుని తిరిగొచ్చేశాను. దర్జీ అమ్మాయి మెట్ల మీద ఎదురైతే, “తీసుకో, తిను” అని చేతిలో పెట్టాను. “మీ చెల్లెలు రాలేదా?” అంది. “నోరు మూసుకుని తిను” అన్నాను. అక్కడే నిలబడి ఒకటి కొరికి, పుల్లగా ఉందని మొహం పెట్టింది.

తర్వాత కూడా ఫోన్లు ఉన్నాయి. చాలాసార్లు పోట్లాడుకున్నాం. “ఏం వేశావు, ఎంత కాసింది” అని ఒకరినొకరం అడిగేవాళ్లం. నేను ప్రతి ఏడూ ఆ బకెట్లలో ఏదో ఒకటి వేస్తూనే ఉన్నాను. కోపంతోనే వేస్తున్నాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గాలని నేనూ అనుకోవడం లేదు.

చెల్లెలు మా ఇంటికి మళ్లీ రాలేదు. ఆ చలికాలం రాలేదు, ఆ మరుసటి వేసవిలో వస్తానని రాలేదు. నాలుగో ఏడు వానలు మొదలైనప్పుడు మా తమ్ముడి ఇంట్లో, నిద్రలో పోయింది.